జీడిపప్పు డబ్బాలో ముహూర్తం

సొంత పెళ్ళిని సొంత తెలివితేటలతో ఆపుకున్న మొగాడు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇదిగో, నేనున్నాను. పిల్ల నచ్చక ఆపుకోలేదు. పిల్లంటే నాకు ప్రాణం. రెండు చేతి వాచీలను పోల్చి చూసి ఆపుకున్నాను. ఇంకా వివరంగా చెప్పాలంటే, నా పెళ్ళిని జీడిపప్పు డబ్బాలో పెట్టి మూతకి టంకం వేయించాను.

అరవైల చివరి మాట. పలాసలో ఒక జీడి బట్టీలో లెక్కలు రాసేవాణ్ణి. బడికి వెళ్ళింది తక్కువ. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. జీడిపిక్కల బస్తా చూసి అందులో పప్పు ఎంత దిగుతుందో చెప్పేవాణ్ణి. ఒకటి రెండుసార్లు అది సరిపోయింది. దాంతో ఊళ్ళో నాకు ‘లెక్కల అప్పారావు’ అని పేరొచ్చింది. పేరొచ్చాక మనిషి ఊరుకుంటాడా? కనిపించిన ప్రతిదానికీ మార్కులు వేయడం మొదలుపెట్టాను. హోటల్లో చట్నీకి మార్కులు. స్టేషన్లో రైలు కూతకి మార్కులు. అద్దంలో నాకు నేనే మార్కులు వేసుకునేవాణ్ణి, అవి మాత్రం ఎప్పుడూ తగ్గేవి కావు.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. పెంచింది చిన్నాన్న. టెక్కలి తాలూకా ఆఫీసులో గుమస్తా, మడత నలగని మనిషి. అమ్మ తమ్ముడు, అంటే మా మావ, ఉద్దానంలో కొబ్బరి తోటల ఆసామీ. గట్టిగా నవ్వుతాడు, అంతకన్నా గట్టిగా అలుగుతాడు. మావ కూతురు సరోజని నాకిచ్చి చెయ్యాలని ఇద్దరూ అనుకున్నారు. సరోజా నేనూ అంతకు చాలా ముందే అనుకున్నాం, ఎవరికీ చెప్పలేదు గానీ.

ఇక్కడ వాచీల సంగతి చెప్పాలి. ఇద్దరి చేతులకీ స్విట్జర్లాండ్ వాచీలుండేవి. రెండూ పేరున్నవే, ఖరీదైనవే. కంపెనీల పేర్లు రాయను. జరిగినదాంట్లో ఆ కంపెనీల తప్పేమీ లేదు, తప్పంతా పలాసలో జరిగింది.

చిన్నాన్నది పల్చటి వాచీ. తెల్లటి ముఖం, తోలు పట్టీ, సెకన్ల ముల్లుకి అడుగున వేరే చిన్న గది. ఎస్టేటు వేలంలో కొన్నాడు. రోజూ స్నానం చేసి, చేతులు తుడుచుకుని, సంధ్య వార్చినంత శ్రద్ధగా దానికి కీ ఇచ్చేవాడు. మావది బంగారు రంగు వాచీ, లావుపాటిది. తారీకు కనబడే చిన్న కిటికీ ఉండేది. బర్మాలోని రంగం నుంచి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర కొన్నాడు. దాని గొప్పేమిటంటే కీ అక్కర్లేదు. “తనంతట తనే నడుస్తాది. నీలాగా నాలాగా ఎవడో తోస్తే నడిసేది కాదు” అని మావ ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

జీడి బట్టీలో పగలని పప్పుని గుండు అంటాం, రెండుగా చీలినదాన్ని బద్ద అంటాం. గుండుకే విలువ. నేను మనసులో మావ వాచీకి గుండు అనీ, చిన్నాన్న వాచీకి బద్ద అనీ పేర్లు పెట్టుకున్నాను. మనసులోనే ఉంచుకుంటే బాగుండేది.

తాంబూలాలు పుచ్చుకునే రోజు మావ ఇంటి వసారాలో అందరం కూర్చున్నాం. పళ్ళెంలో ఆకూ వక్కా సిద్ధంగా ఉన్నాయి. శాస్త్రులుగారు పంచాంగం మూసి అడిగారు.

“పదింపావుకి వర్జ్యం వెళ్ళిపోతుంది. టైమెంతయింది?”

“పదీ ఇరవై. ఎల్లిపోనాది. పళ్ళెం అందుకోండి” అన్నాడు మావ.

“పదీ పదే. ఇంకా వర్జ్యంలోనే ఉన్నాం. పళ్ళెం ముట్టకండి” అన్నాడు చిన్నాన్న.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు.

“ఏటి బావా, నా వాచీ తప్పంటావేటి?”

“నీ వాచీ తప్పని ఎవరన్నారు బావా? టైము తప్పుంది, అంతే.”

“అంత పల్సగున్నాది, అందులో యంత్రం ఉన్నాదో, బొమ్మేసి అమ్మేసినారో ఎవుడికి తెలుసు?”

“లావుంటే సరా బావా? గుమ్మడికాయా లావుగానే ఉంటుంది, దాన్ని చూసి ఎవరైనా ఆఫీసుకెళ్తారా?”

“ముహూర్తం కూడా ఇలాగే రెండు టైములకి పెట్టమంటారా?” అన్నారు శాస్త్రులుగారు తల పట్టుకుని.

పాఠకులారా, ఒక్కసారి లెక్క చూడండి. చిన్నాన్న వాచీలో పదీ పది. వర్జ్యం పదింపావుకి పోతుంది. నోరు మూసుకుని అయిదు నిమిషాలు కూర్చుంటే రెండు వాచీల్లోనూ వర్జ్యం వెళ్ళిపోయేది. ఒకటో తరగతి పిల్లడు చేసే లెక్క. లెక్కల అప్పారావుకి తట్టలేదు. లోపలి తలుపు సందులోంచి సరోజ అయిదు వేళ్ళూ చాచి నాకేసి చూపించింది. నన్ను ఆశీర్వదిస్తోందనుకున్నాను. ఆ ఉత్సాహంలో లేచి నిలబడ్డాను.

“ఏది సరైనదో నేను తేలుస్తాను. రెండూ నాకివ్వండి. శాస్త్రీయంగా పరీక్ష పెడతాను” అన్నాను.

చిన్నాన్న గర్వంగా చూశాడు. మావ అనుమానంగా చూశాడు. సరోజ చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది.

“బుధవారం మళ్ళీ మంచి రోజుంది. అప్పటికి తేల్చండి” అన్నారు శాస్త్రులుగారు.

వాచీ చేతికిస్తూ చిన్నాన్న చెప్పాడు. “రోజూ పొద్దున్న కీ ఇయ్యి. చేతులు తడిగా ఉండకూడదు.”

మావ కూడా చెప్పాడు. “కీ అంటూ నా దాని దగ్గరకెళ్ళినావో, సెయ్యిరగ్గొడతాను. దాన్ని అలా ఒగ్గెయ్యి. దాని పని అదే సేసుకుంటాది.”

ఇక నా శాస్త్రం మొదలైంది. మావ రోజంతా తోటల్లో చేతులూపుకుంటూ తిరుగుతాడు, చిన్నాన్న కుర్చీలో కూర్చుని సంతకాలు పెడతాడు. ఒకరి వాచీకి ఎండ, ఒకరి వాచీకి పంకా గాలి. ఇదేం న్యాయం? పరీక్షంటే రెండింటికీ ఒకటే పరిస్థితి ఉండాలి. ఎండ తగలకూడదు, గాలి తగలకూడదు, మనిషి చెయ్యి అసలే తగలకూడదు. అలాంటి చోటు మా బట్టీలో ఒకటే ఉంది. పప్పు ఎగుమతి చేసే రేకు డబ్బా.

సోమవారం పొద్దున్నే రేడియోలో టైము చెప్పే పిప్పులు వినిపించగానే రెండు వాచీలూ సమానంగా తిప్పి పెట్టాను. డబ్బాలో దూది పరిచి, బాలింతని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, టంకం వేసే సింహాచలం దగ్గరికి పట్టుకెళ్ళాను.

“ఏ రకం పప్పు బాబూ ఇది?” అన్నాడు.

“స్విట్జర్లాండ్ రకం.”

“గుండా, బద్దా?”

“ఒకటి గుండు, ఒకటి బద్ద.”

“రెండూ ఒకే డబ్బాలో కలిపేత్తే ఓనరుబాబు ఊరుకోడు” అన్నాడు సింహాచలం. తర్వాత డబ్బా చెవి దగ్గర పెట్టుకుని, “పప్పు మాటాడతన్నాది బాబూ!” అన్నాడు.

మంగళవారం పొద్దున్న డబ్బా కోయించాను. రెండూ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. మావది రేడియోతో సమానం, చిన్నాన్నది రవ్వంత వెనక. బద్దకి కీ ఇచ్చాను. గుండుని కదపనైనా కదపలేదు. మళ్ళీ టంకం. “రోజూ కోసి రోజూ అతకడమేటి బాబూ, దీనికేటైనా మొక్కా?” అని సింహాచలం విసుక్కున్నాడు. నేను మాత్రం గోడ మీద సుద్దముక్కతో మార్కులు వేశాను. మావ ముందున్నాడు. కాబోయే మావగారే నెగ్గుతున్నాడు. ఇంతకన్నా ఏం కావాలి? చిన్నాన్నని ఓదార్చడానికి నాలుగు మాటలు కూడా తయారుచేసుకున్నాను.

బుధవారం ఇద్దరూ బస్సులు దిగి బట్టీకి వచ్చారు. శాస్త్రులుగారూ వచ్చారు. సింహాచలం డబ్బా కోశాడు. చిన్నాన్న వాచీ టిక్కు టిక్కుమంటోంది. మావ వాచీ ఉలకదు, పలకదు.

“నాదేదిరా, సప్పుడు నేదు?” అన్నాడు మావ.

“ఆగిపోయింది మావా” అన్నాను.

అక్కడితో ఆగాల్సింది. వాచీకున్న జ్ఞానం నాకు లేకపోయింది. పరీక్షకుడు నిష్పక్షపాతంగా ఉండాలని ఎక్కడో విన్నాను. గొంతు సవరించుకుని తీర్పు చెప్పాను.

“పైకి బంగారంలా ఉంది గానీ లోపల సరుకు లేదు మావా. కొన్ని పిక్కలూ ఇంతే. పైన నిగనిగలాడతాయి, కొడితే లోపల పుచ్చు. దీనికి సున్నా.”

బట్టీలో పిక్కలు కొట్టేవాళ్ళంతా ఇటు తిరిగారు. మావ కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

“మా ఇంటి సరుకు పుచ్చన్నావు. పుచ్చు సరుకున్న ఇంట్లో పిల్లెందుకురా నీకు? పుచ్చు నేని ఇల్లు సూసుకో.”

వాచీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. ఆయన వెనకే శాస్త్రులుగారు, ఆయన సంచిలో నా ముహూర్తం.

నెగ్గిన చిన్నాన్న నా పక్కన కూలబడ్డాడు. “నిజమే చెప్పావురా. కానీ ఎందుకు చెప్పావురా?” అన్నాడు.

మర్నాడు ఆ వాచీని అదే డబ్బాలో, అదే దూదిలో పెట్టుకుని ఉద్దానం బస్సెక్కాను. కాళ్ళ మీద పడైనా సరే, మావని ఒప్పించాలి. ఆ రోజుల్లో ఆ రోడ్డు ఎలా ఉండేదో ఎక్కినవాళ్ళకి తెలుసు. మనిషి ఎక్కిన సీట్లో దిగేవాడు కాదు. మావ గుమ్మం ముందు దిగి డబ్బా మూత ఎత్తి చూద్దును కదా, వాచీ నడుస్తోంది!

“మావా! బతికింది! నడుస్తోంది!” అని వీధంతా వినబడేలా అరిచాను.

మావ తోటలో ఉన్నాడు. కబురెళ్ళింది. ఆయన అలకతో ఉన్నాడు కనుక ప్రతి కొబ్బరిచెట్టునీ పలకరించి పొద్దు వాలాక తీరిగ్గా వచ్చాడు. అందాకా వాచీని దూదితో సహా బల్ల మీద పెట్టి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా కాపలా కాశాను. మావ వచ్చి వంగి చూశాడు. ముల్లు కదలడం లేదు.

“ఒకపాలి సంపినావు సరిపోనేదా? ఇంటికొచ్చి మరీ సంపాలా?” అన్నాడు.

అప్పుడు లోపలి నుంచి సరోజ వచ్చింది. చేతిలో కొబ్బరి చిప్ప, ఇంకో చేతిలో కొబ్బరి కోరే పీట.

“నాన్నా, నీకు జొరమొచ్చి మంచం మీదున్నప్పుడల్లా ఇది ఆగిపోతాది గదా?” అంది.

మావ ముఖం తిప్పుకున్నాడు. “ఆ మాట బయట సెప్పొద్దన్నాను గదే! నాకు బాగోనేకపోతే దానికీ బాగోదు. మనసున్న వాచీ అది.”

“మనసు కాదు. ఊపు. నువ్వు లేచి తోటకెళ్తే మళ్ళీ నడుస్తాది. సెయ్యి ఊగితే దానికి అదే కీ. బావ దాన్ని దూదిలో జోకొట్టి పడుకోబెట్టాడు. పడుకోమంటే పడుకుంది.”

వాచీ తీసి కుడిచేతికి తగిలించుకుని, పీట ముందు కూర్చుని కొబ్బరి కోరడం మొదలుపెట్టింది. మావా నేనూ ఆ చేతి వెనకే తలలు ఊపుతూ చూశాం. చిప్ప సగమైంది. సెకన్ల ముల్లు కదిలింది. చిప్ప పూర్తయింది. వాచీ నిక్షేపంగా నడుస్తోంది.

ఎండా గాలీ తగలకుండా, మనిషి చెయ్యి తగలకుండా పరీక్ష పెట్టిన మహానుభావుణ్ణి నేను. మనిషి చెయ్యే దానికి ప్రాణమని ఎవరు చెప్పారు నాకు? చేపని ఒడ్డున పెట్టి ఈత రాదన్నట్టే చేశాను.

“సావనేదన్నమాట” అన్నాడు మావ. కోపం దిగడానికి ఆయన పెద్దగా టైము తీసుకోడు. “మరి నీ మార్కులేటిరా ఇప్పుడు?”

“దానికి పూర్తి మార్కులు మావా. ఆ సున్నా నాది.”

“ఆ రోజు అయిదు నిమిషాలు ఆగమని అయిదు వేళ్ళు సూపించాను. ఏటనుకున్నావు బావా?” అంది సరోజ.

“ఆశీర్వాదం అనుకున్నాను.”

మావ నవ్విన నవ్వుకి బల్ల మీది దూది ఎగిరింది.

పెళ్ళి జరిగింది. పగటి ముహూర్తం. పొద్దుటి నుంచీ మావ పందిట్లో ఒక చెయ్యి ఊపుతూనే తిరిగాడు. “మీ మావకి వాతమా?” అని మగపెళ్ళివారు నన్నడిగారు. చిన్నాన్న గంటకోసారి పక్కకెళ్ళి కీ తడిమి వచ్చాడు. తీరా శాస్త్రులుగారు “టైమెంత?” అనేసరికి ఇద్దరికీ ఎక్కడలేని మర్యాద వచ్చేసింది.

“నీ వాచీలో సూడు బావా.”

“ఛఛ, నీదుండగా నాదెందుకు బావా?”

“కాదు బావా, నీదే సూడాల.”

ఈ మర్యాదలో ముహూర్తం దాటిపోతుందేమోనని శాస్త్రులుగారు పందిరి నీడ చూసి, “కట్టు నాయనా!” అని నా వీపు మీద ఒక్కటి చరిచారు. కట్టేశాను.

ఆ వాచీలు ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాయి. ఒకదానికి నేను రోజూ కీ ఇస్తాను, ఒకదాన్ని సరోజ చేతికి పెట్టుకుని కొబ్బరి కోరుతుంది. రెంటికీ తేడా ఇప్పటికీ ఉంది. దేనిది సరైన టైమని ఎవరూ అడగరు. అడిగినా నేను చెప్పను. ఇందుమూలముగా సింహాచలం వేసిన టంకం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వాచీకి గాని, మనిషికి గాని, చట్నీకి గాని ఇకపై మార్కులు వేయను. తూకం వేసినట్టు తీర్పులు చెప్పను.

నిజానికి ఈ రాసినదానికి మాత్రం ఎన్ని మార్కులొస్తాయో లెక్కగట్టి ఇక్కడే రాసేద్దామనుకున్నాను. వంటింటి గుమ్మంలోంచి సరోజ అయిదు వేళ్ళు చూపించింది.

కలం కింద పెట్టి కూర్చున్నాను.