తొమ్మిది తువ్వాళ్ళు

ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ పడలేదు. ఆయన బడిలో ఉండిపోయారు, నేను వచ్చేశాను. అప్పటినుంచి ఆఫీసు కాగితం ఏది చూసినా ఆ మాస్టారే బెత్తం పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. అలాంటి నేను ఒక అనుమతి పత్రానికి అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నానంటే, అందులో నా తెలివి ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. ఒక సూపర్‌వైజరు గారి మంచితనం ఉంది, తొమ్మిది మంది పసిపిల్లల మధ్యాహ్నం నిద్ర ఉంది.

మాది అంబాజీపేట పక్క ఊరు. ఇక్కడ ఆడవాళ్ళు చాలామంది కొబ్బరి కొట్లలో పనికి వెళతారు. కురిడీ కాయలు, అంటే లోపల కొబ్బరి ఎండినవి, పగలగొట్టే చోట కత్తులు, పీచు, దుమ్ము. పాకే పిల్లని అక్కడ వదలలేరు. నాలుగేళ్ళ కిందట ఎదురింటావిడ తన పిల్లని సాయంత్రం దాకా చూడమని నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది. మర్నాడు ఇద్దరయ్యారు. అలా అలా తొమ్మిది మంది అయ్యారు. బోర్డు రాయిద్దామా అని మా ఆయన అడిగితే, పిల్లలకి చదవడం రాదు, వాళ్ళ అమ్మలకి దారి తెలుసు, ఇంక బోర్డు ఎవరికి అన్నాను.

కిందటేడు గ్రామ సచివాలయం నుంచి కబురొచ్చింది. ఇంట్లో పరాయి పిల్లల్ని పెట్టుకుని చూసేవాళ్ళు నమోదు చేయించుకోవాలట. శిశు సంక్షేమం వారి సూపర్‌వైజరు గారు వచ్చి చూస్తారట, బాగాలేకపోతే మాన్పించేస్తారట. అందరికంటే ఎక్కువ బెదిరింది, తొమ్మిది మందిలో చిన్నదైన పదినెలల పిల్ల తల్లి. ఆమె భర్త మస్కట్ వెళ్ళాడు గానీ అక్కడ ఇంకా కుదురుకోలేదు. నా గుమ్మం మూసేస్తే ఆమె కొట్టు పని మానుకోవాలి, మానుకుంటే ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. భయంలోంచి ఆమెకి ఒక ఉపాయం పుట్టింది.

"మా కొట్టుకి తనిఖీవాళ్ళొస్తే మా షావుకారు గారు సగం మందిని వెనక గుమ్మంలోంచి పంపించేస్తారు వదినా. ఆఫీసర్లకి మనుషులు ఎంత తక్కువ కనపడితే అంత మంచిదంట."

నాకు ఇది మహా తెలివిగా తోచింది. ఆరో తరగతి బుర్ర కదా.

తనిఖీకి వస్తామని చెప్పిన రోజున పిల్లలకి పెందలాడే అన్నం పెట్టి, ఏడుగురిని పక్కింటి పిన్నిగారి ఇంట్లో దాచాను. ఊయలలో పదినెలల పిల్లనీ, ఒళ్ళో ఇంకొకర్నీ ఉంచుకున్నాను. సూపర్‌వైజరు గారు పన్నెండు దాటాక స్కూటీ మీద వచ్చారు. కొబ్బరి బొండం కొట్టి చేతికిచ్చాను. పని అయ్యాక తాగుతానని ఆవిడ దాన్ని అరుగు మీద పెట్టేశారు. మా వైపు ఇంటికొచ్చిన మనిషి నోరు తడుపుకోలేదంటే వచ్చిన పని మంచిది కాదనే లెక్క.

ఎంతమంది పిల్లలని అడిగారు. ఇద్దరన్నాను. ఆవిడ తలెత్తి తీగ వైపు చూశారు. దాని మీద తొమ్మిది చిన్న తువ్వాళ్ళు ఆరుతున్నాయి. ఎవరిది వాళ్ళు పోల్చుకోవడానికి ఒక్కోదాని మూలకి ఒక్కో రంగు దారం కుట్టాను. పిల్లల్ని దాచాను గానీ తువ్వాళ్ళు దాచడం మరిచిపోయాను.

"ఇద్దరికి తొమ్మిది తువ్వాళ్ళేంటండీ?"

"మా పిల్లలు శుభ్రం ఎక్కువండి. మాటిమాటికీ స్నానాలండి."

ఆవిడ నవ్వలేదు. ఊయలలోది మాత్రం నవ్వింది.

అంతలో ఒంటిగంటయింది. మా ఇంట్లో ఆ వేళకి ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పిల్లలు కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తమ తువ్వాలుతో తుడుచుకుని, తమ చాప మీద పడుకుంటారు. ఆ అలవాటు చెయ్యడానికి నాకు ఏడాది పట్టింది. దాన్ని ఒక్క రోజుకి ఎలా ఆపాలో మాత్రం ఆలోచించలేదు.

దడాలున గేటు తెరుచుకుంది. మూడేళ్ళ పిల్ల, మా గుంపుకి పెద్ద, లోపలికి వచ్చింది. సూపర్‌వైజరు గారిని చూడనైనా చూడలేదు. చేతులు కడుక్కుంది, ఎర్రదారం తువ్వాలు లాక్కుని తుడుచుకుంది, చాప పరుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. దాని వెనక మిగతా ఆరుగురు. వాళ్ళ వెనక జంతికల డబ్బా పట్టుకుని ఆయాసపడుతూ పిన్నిగారు.

"టీవీ పెట్టినా ఆగలేదమ్మా," అన్నారు. అప్పుడు సూపర్‌వైజరు గారిని చూసి, "ఈ పిల్లలెవరో నాకు తెలీదండి," అని కూడా అన్నారు.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ మాత్రం కుర్చీలో కూర్చుని, ఆఖరి పిల్ల కళ్ళు మూసేవరకూ చూస్తూనే ఉన్నారు. ఎవరూ లేవకుండా గొంతు తగ్గించి మాట్లాడారు.

"నేను తగ్గించడానికి రాలేదండి, రాసుకోడానికొచ్చేను. ఏడుగురు లేరని మీరే చెప్పేరు. మీ పెరట్లో బోదె ఉంది. లేని పిల్ల అందులో పడితే ఎవర్ని వెతకమంటారు?"

కొబ్బరితోటకి నీళ్ళు పోయే ఆ చిన్న కాలవని నేను రోజూ చూస్తున్నదే. నా రెండు కళ్ళూ చాలనుకున్నాను. నాకు ఏ హాస్యమూ తట్టని క్షణం అదొక్కటే. తప్పయిందండి అన్నాను.

పదిహేను రోజులు గడువిచ్చారు. బోదె వైపు దడి, పిల్లలకి అందని ఎత్తులో గడియ, టీకాల కార్డులు, తల్లుల సంతకాలు, మందుల పెట్టె కావాలన్నారు. మా గదికి ఎనిమిది మందే సరిపోతారట. మూడేళ్ళు నిండిన పిల్లని అంగన్‌వాడీలో చేర్పించమన్నారు. ఇవి జరక్కపోతే పిల్లల్ని పెట్టుకోకూడదు. ఆవిడ వెళ్ళిపోయారు. సాయంత్రం పదినెలల పిల్ల తల్లి వచ్చి, అరుగు మీద తాగకుండా ఉన్న బొండాన్ని చూసి సంగతి కనిపెట్టేసింది. షరతులన్నీ నా చేత చెప్పించుకుని మిగతా తల్లులకి చేరవేసింది.

ఆదివారం తల్లులందరూ వచ్చారు. నేను పిలవలేదు. వారమంతా కొబ్బరితో గడిపే చేతులు సెలవు రోజున కూడా కొబ్బరాకులే అల్లాయి. వెదురు గుంజలు పాతి, మధ్యాహ్నానికి నా నడుమెత్తు దడి నిలబెట్టారు. పదినెలల పిల్ల తల్లి తన బరువంతా దాని మీద వేసి నెట్టి చూసింది. అది కదల్లేదు. అయినా ఇంకో రెండు గుంజలు పాతించింది. ఎర్రదారం పిల్ల ఆ సోమవారమే అంగన్‌వాడీకి వెళ్ళింది. ఏడవలేదు. నా సంగతి అడక్కండి.

పధ్నాలుగో రోజున సూపర్‌వైజరు గారు మళ్ళీ వచ్చారు. దడిని నెట్టి చూశారు, గడియ వేసి తీశారు, కార్డులన్నీ తిరగేశారు. దరఖాస్తు నాకు ఇచ్చి రాయమనకుండా తానే కలం తీసి కూర్చున్నారు. ఆ మర్యాద నేను మరిచిపోను. చదువు అన్న చోట ఆగి, ఎంతవరకని అడిగారు.

"ఏడు చూసొచ్చానండి. పాసయింది ఆరే."

ఆవిడ ఆరే రాశారు. తరవాత అనుభవం అన్న చోటికి వచ్చారు. అది నన్ను అడగలేదు. రాసి, చదివి వినిపించారు.

"ఏడుగురు పిల్లలు ఒంటిగంటకి, ఎవరూ పిలవకుండా వచ్చి, చేతులు కడుక్కుని పడుకున్నారు. స్వయంగా చూశాను."

అనుమతి ఇవ్వవచ్చని కింద సంతకం పెట్టి, మొన్నటి బొండం ఉందా అని అడిగారు. దాన్ని మా దూడ తాగేసిందండి, మీకు కొత్తది కొడతానన్నాను. ఈసారి నవ్వారు. అరుగు మీద కూర్చుని ఆఖరి గుటక దాకా తాగారు.

పదినెలల పిల్ల తల్లి ఆ పూట పని మానుకుని తలుపు పక్కనే నిలబడి ఉంది. ఖాళీ బొండం కింద పెట్టిన చప్పుడుకి ఆమెకి ఏడుపొచ్చింది. చేతికందిన తువ్వాలు లాగి ముఖం తుడుచుకుంది. అది ఎర్రదారంది. ఆ పిల్ల వెళ్ళాక దాన్ని నేను ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. ఆ రోజు మాత్రం తుడుచుకోనిచ్చాను.