పేటంతటికీ ఒకటే నంబరు

రత్నమాణిక్యం ఫోన్ నంబరు ఆవిడ ఒక్కదానిదే కాదు, పేటలో పదకొండు ఇళ్లది. ఆసుపత్రిలో చీటీ రాసే చోట నంబరు అడిగితే ఆడవాళ్లంతా అదే గడగడా అప్పజెప్పేవారు. ఓటీపీలు, రిపోర్టులు, మళ్లీ రమ్మన్న తేదీలు అన్నీ ఆ ఫోన్లోకే వచ్చిపడేవి. ఇంతమంది బాగోగులు తన నడుముకి కట్టుకున్న సంచిలో ఉన్నాయని ఆవిడకి కాస్త గర్వం కూడాను. భీమవరం మార్కెట్లో చేపలమ్మే మనిషికి అంతకన్నా హోదా ఏం కావాలి?

ఆ గర్వమే కొంప ముంచింది.

పక్కింటి మహాలక్ష్మమ్మది మార్కెట్లోనూ పక్క గంపే. రెండు నెలలుగా దగ్గుతోంది. ఒకరోజు పొద్దున్నే ఆమె కళ్లె పరీక్ష రిపోర్టు వచ్చింది. తెరిస్తే అంతా ఇంగ్లీషు. ఐసు వేసే గణేష్‌బాబు చదువుకున్నవాడు, చేపల వాట్సాప్ గ్రూపులో ఉంటాడు. రోజూ వంజరాలు, చందువాలు ఫొటో తీసి పెట్టే అలవాటు కొద్దీ రత్నం రిపోర్టు కూడా అందులోనే పెట్టేసి, మా వదినకి ఏముందో చెప్పు బాబూ అని వాయిస్ మెసేజీ పంపింది. గ్రూపులో నూట ముప్పైమంది ఉన్నారన్న సంగతి తట్టనేలేదు. వెంటనే తీసెయ్యమని గణేష్‌బాబు ఫోన్ చేశాడు. తీసేసింది. ఈలోగా చూడాల్సినవాళ్లంతా చూశారు. టీబీ.

మందులు మొదలయ్యాయి. కొన్ని వారాలకి ఇక ఎవరికీ అంటదు, పనికి వెళ్లొచ్చని డాక్టరు చెప్పాడు. అయినా మహాలక్ష్మమ్మ గంప దగ్గర ఎవరూ ఆగలేదు. హోటళ్లవాళ్లు ముఖం తిప్పుకుని పోయేవారు. వాట్సాప్ లేని ఆ మనిషి, తన జబ్బు సంగతి బయటపెట్టింది మాత్రలు తెచ్చిచ్చే ఆశా కార్యకర్త రమ్యశ్రీయే అనుకుంది. ఆ పిల్లని వాకిట్లో నిలబెట్టి నానా మాటలూ అంది. రమ్యశ్రీ మాత్రలు అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. పక్క గుమ్మంలో చేపలు తోముతున్న రత్నం తలెత్తలేదు. సిగ్గుతో ఆవిడ ప్రాణం చచ్చిపోయింది. కానీ నిజం చెబితే పేటలో తన మాటకి విలువ పోతుందని భయం.

నాలుగోరోజు చూస్తే మాత్రలు అరుగు మీదే ఉన్నాయి. ఆ పిల్ల చేత్తో ఇచ్చింది ముట్టనని మహాలక్ష్మమ్మ మందు మానేసింది. రత్నం మౌనం ఇప్పుడు ఆమె ప్రాణం మీదకే వచ్చింది. మాత్రలు తీసుకుని లోపలికి వెళ్లింది.

"వదినా, ఆ పిల్ల కాదు. నేనే. నా ఫోన్లోంచే పోయింది."

మహాలక్ష్మమ్మ తిట్టలేదు. మాత్రలందుకుని, మంచినీళ్లు తానే లేచి తెచ్చుకుంది. తిట్టినా బాగుండేదని రత్నం ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేసింది.

మర్నాడు మహాలక్ష్మమ్మ తన కోడలి పాత ఫోన్ పట్టుకుని రమ్యశ్రీని వెంటబెట్టుకుని వచ్చింది. ఆసుపత్రి యాప్‌లో నంబరు మార్చుకోవాలట. దానికి పాత నంబరుకి ఓటీపీ వస్తుందట. వచ్చింది. రత్నం ఆరంకెలూ ఒక్కొక్కటే చదివింది.

మహాలక్ష్మమ్మ ఫోన్ రత్నానికి కనపడకుండా తిప్పుకుని రమ్యశ్రీని అడిగింది.

"సరిగ్గానే చెప్పిందా అమ్మా?"