చేతులు చూడని మనిషి

మొన్నటి చలికాలంలో ఒక సినిమా నటుడు మా ఇంటి ముందు చెప్పులు విడిచినప్పుడు, మా అవ్వ ఆయన్ని పింఛను రాసుకోవడానికి వచ్చిన సారు అనుకుంది. అవ్వ అంటే నన్ను కన్నతల్లి. మా నిజామాబాద్‌లో అమ్మను అట్లాగే పిలుస్తాం. "ఆధార్ కార్డు తేవాల్నా సారూ?" అంటూ లేవబోయింది. ఆయన నవ్వి, చాప మీద ఆమె పక్కనే కూర్చుని, "కార్డు వద్దమ్మా, బీడీ చెయ్యడం నేర్పండి చాలు" అన్నారు.

సంగతేమిటంటే, మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున టీవీలో పిల్లలకు కథలు చెప్పే ఒకాయన ఉండేవారు. కథ చెబుతూనే కాగితంతో పడవో పిట్టో చేసేవారు. మా గల్లీ పిల్లలమంతా ఆయన్ని టీవీ మామ అనేవాళ్లం. నేను బడికి పోలేదు. మా బాపు, అంటే నాన్న, ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఆ అక్షరాలతో ఏం చేసుకోవాలో చూపించింది మాత్రం టీవీ మామ. కథ అయ్యాక ఆయన బోర్డు మీద రాసే నాలుగు మాటలు చదవడానికి వారమంతా కాచుకుని ఉండేదాన్ని. ఇప్పటికీ పొద్దున దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు ఆయన మనసులోకి వస్తారు. ఆయనది మా జిల్లాలోని బోధన్ ఊరే అని, వాళ్లమ్మ బీడీలు చేసి పెంచిందని ఆయన పోయాకే తెలిసింది.

ఆయన జీవితం మీద సినిమా తీస్తున్నారు. టీవీలో ఉద్యోగం వచ్చిన రోజున ఆయన తల్లి పక్కన కూర్చుని బీడీలు చేస్తూ గల్లీ పిల్లలకు కథ చెప్పే ఘట్టం అందులో ఉంది. షూటింగుకు మూడు రోజులే గడువు. నటుడికి పని పట్టుబడకపోతే ముఖం ఆయనది, చేతులు నావి పెట్టి విడివిడిగా తీస్తారట. నేను బీడీలు చేసిచ్చే కార్ఖానా వాళ్లు సినిమా వాళ్లకు నన్ను చూపించింది అందుకే. నా చేతులు సినిమాలో పడతాయని మా వదినకు ఒకటే సంబరం. నటుడికి మాత్రం దిగులు.

"ముఖం ఒక ముక్క, చేతులు ఒక ముక్క అయితే మీ టీవీ మామ ఆయనలా ఉండరమ్మా," అన్నారు. "పాత టేపులన్నీ చూశాను. నేను కాగితం మడిస్తే గారడీ చేసినట్టుంటుంది. ఆయన మడిస్తే ఇంట్లో మనిషి కూర్చున్నట్టుంటుంది. తేడా ఎక్కడుందో దొరకడం లేదు."

అది నాకూ తెలియదు. తెలిసిన పని నేర్పాను. నానబెట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కోయడం, ఒళ్లో చాట పెట్టుకోవడం, ఆకులో చిటికెడు తంబాకు, అదే పొగాకు పొడి, వేసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. మొదటి రోజంతా ఆయనకు తుమ్ములే. ఆయన చేసిన మొదటి బీడీని వదిన వెలుతురులోకి ఎత్తి పట్టింది.

"గిది బీడీనా సారూ, బెండకాయనా?"

"కూర వండుకోండక్కా. నా కష్టం ఊరికే పోకూడదు."

రెండో రోజుకు అవ్వకు ఓపిక అయిపోయింది. "తల లేపు బిడ్డా. గట్ల చాటల తలకాయ పెట్టి కూసుంటే మెడ గుంజదా? చేతులు యాడికి పోతయ్, నీయే గద."

"చూడకపోతే ఎట్లా వస్తుందమ్మా?"

"నేను సూస్తున్ననా?"

ఆయన తలెత్తారు. అవ్వ ఆయన ముఖంలోకే చూస్తోంది. ఒళ్లో ఆమె వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆయన చేతిలోని ఆకు చాటలో పెట్టి, "ఇదే తేడా" అన్నారు. నాకూ అప్పుడే వెలిగింది. టీవీ మామ ఏనాడూ తన చేతుల వంక చూడలేదు. పడవ చేస్తున్నా పిట్ట చేస్తున్నా కళ్లు మా మీదే. "మామ నన్నే సూస్తుండు" అంటే "కాదు నన్నే" అని మేం కొట్లాడుకున్నది అందుకే. అది టీవీ వాళ్లు నేర్పిన విద్య కాదు, బీడీలు చేసే తల్లి పక్కన పెరిగిన అలవాటు. రోజూ అదే పని చేస్తూ కూడా ఇన్నేళ్లు నాకు తట్టనే లేదు. ఈ మాట నా ఇంట్లో, మా అవ్వ నోట పలికించినందుకు దేవుడికి లోలోపలే మొక్కుకున్నాను.

ఆ తర్వాత అవ్వ నాకు నేర్పినట్టే ఆయనకూ నేర్పింది. చేతుల మీద తువ్వాల కప్పి, ఎదురుగా కూర్చుని, ఎంతమంది పిల్లలు, ఏం కూర తిన్నవు అని మాటల్లో పెట్టింది. తల దిగిందంటే "ఊఁ" అని గద్దించేది. మూడో రోజు సాయంత్రం తువ్వాల కింది నుంచి సన్నని బీడీ ఒకటి వచ్చింది. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పింది. "కార్ఖానా సేటు వాపస్ పెడ్తడు, గని బీడీయే" అంది. ఆయన ఆ బీడీని జేబులో దాచుకున్నారు.

మర్నాడు పొద్దున అందరం షూటింగుకు బోధన్ వెళ్లాం. చుట్టూ పిల్లలు కూర్చుంటారు కాబట్టి తంబాకు వద్దని, ఎండిన చెరుకాకును నలిపి చాటలో పోశారు. మంచి ఆలోచనే. కాని ఆ పొడి మరీ తేలిక, ఆకులో నిలవదు. ఆయన చుట్టిన ప్రతి బీడీ విప్పుకుంది, విప్పుకున్న ప్రతిసారీ కళ్లు కిందికి దిగాయి. ఆరోసారి డైరెక్టర్ నన్ను పిలిచి, నటుడు వేసుకున్నటువంటిదే ఒక చొక్కా ఇచ్చారు. "ఇక మీ చేతులే పెట్టేద్దామమ్మా." నటుడు చాట నాకిచ్చి పక్కకు జరిగారు. ఆ ముఖం చూసి నా ప్రాణం ఉసూరుమంది.

చీర మీదనే చొక్కా తొడుక్కుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని కదా అనుకుంటూ చుట్టాను. విప్పుకుంది. ఇంకోటి చుట్టాను. పొడంతా ఒళ్లో పడింది.

"గా చొక్క ఏసుకున్నవో లేదో, నువ్వు సుత పని మరిసినవా?" అంది వదిన దూరం నుంచి. లైట్లు పట్టుకున్న వాళ్లు కూడా నవ్వారు. నేనూ ఆపుకోలేకపోయాను.

"సారూ, గిది నాకు సుత వస్తలేదు," అన్నాను డైరెక్టర్‌తో. "విప్పుకుంటే విప్పుకోనియ్యుండ్రి. టీవీ మామ పడవలు సుత శానసార్లు చినిగినయ్. ఆయన కిందికి సూడకుంటనే ఇంకో కాయితం తీస్కునేటోడు."

డైరెక్టర్ "సరే, ఒక్కసారి" అన్నారు. నటుడు వచ్చి చాట అందుకున్నారు.

చెరుకు తోటలో దారి తప్పిన ఎలుగు పిల్ల కథ అది. మొదలుపెట్టీ పెట్టగానే బీడీ విప్పుకుంది. ఆయన చెయ్యి ఇంకో ఆకు తీసుకుంది. కళ్లు పిల్లల మీదే ఉన్నాయి.

"మామా, కిందవడ్డది," అంది ముందు వరసలోని ఒక పిల్ల.

"పడనీ. ఎలుగు పిల్ల ఏ సాలులోకి పోయిందో ముందు నువ్వు చెప్పు."

పిల్లలు మోకాళ్ల మీద ముందుకు జరిగారు. ఇంకొకటి విప్పుకుంది. మూడోదానికి దారం పడింది. అందులో ఎంత పొడి మిగిలిందో దేవుడికే తెలియాలి. ఆయన మాత్రం ఒక్కసారి కూడా తల దించలేదు. డైరెక్టర్ కట్ చెప్పి, ముఖమూ చేతులూ కలిసే వచ్చాయని గట్టిగా చప్పట్లు కొట్టారు.

పిల్లలు మాత్రం లేవలేదు. రాసిచ్చిన కథ అక్కడికే ఉంది. "ఎలుగు పిల్ల ఇంటికి పోయిందా, లేదా?" అని అడిగింది ఆ ముందు వరస పిల్ల. నటుడు నా వైపు చూశారు. నాకేం తెలుసు? నేను నవ్వాను. ఒకవైపు లైట్లు ఆర్పేస్తున్నారు. ఆయన చాటలోంచి ఇంకో ఆకు తీసి, పిల్లల వైపు తిరిగి, "పోయింది. కానీ ఒక్కతే పోలేదు" అని అందుకున్నారు.

నేను చొక్కా విప్పి మడిచి పెట్టి, పిల్లల వెనక చోటు చూసుకుని కూర్చున్నాను.