ఖాసింబీ కార్డు మీద నేను రాసిన పని

1946లో శాలిబండ దగ్గర, ఆడవాళ్లకు ఉద్యోగాలు చూపించే ఒక చిన్న దఫ్తరులో గుమాస్తాగా ఉండేదాన్ని. నేను బడికి వెళ్లలేదు. తెలుగూ ఉర్దూ మా నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. ఆ నాలుగు అక్షరాలతోనే అన్నం పెడుతున్న దేవుడికి దణ్ణం పెట్టుకుని రోజూ కుర్చీలో కూర్చునేదాన్ని.

గది మధ్యలో పరదా. ఇవతల నేనూ, పని కోసం వచ్చిన ఆడమనిషీ. అవతల ఆమెను తీసుకొచ్చిన అన్నో, మామో. పేరూ, వయసూ, వచ్చిన పనీ రిజిస్ట్రేషన్ కార్డు అనే అట్టముక్క మీద నేను రాయాలి. ఏ పని వచ్చో ఇంటి పెద్దను అడగడమే మర్యాద అనుకుని, పక్కనున్న మనిషిని వదిలేసి పరదా అవతలికే అడిగేదాన్ని.

ఖాసింబీ కార్డూ అలాగే నిండింది. భర్త పోయిన ముప్పై ఏళ్ల మనిషి. "కుట్టుపని రాయండమ్మా. మా ఖాందాన్ అంతా దర్జీలమే" అన్నాడు ఆమె అన్న యూసుఫ్. రాసేశాను.

చిట్టీ రాసిచ్చి రెండు కుట్టు కార్ఖానాలకు పంపితే రెండూ తిప్పి పంపాయి. రెండుసార్లు తిరిగొస్తే కార్డు కొట్టేయాలని రూలు. కార్డు పోతే ఆమెను ఔరంగాబాదు చుట్టాలింటికి వంటకు పంపుతానని అన్న ఖరారు చేశాడు. ఇక్కడి బడిలో ఆమె కూతురు నాలుగో జమాత్ చదువుతోంది.

కార్డు కొట్టేయడానికి పిలిపిస్తే ఆమె వచ్చి నా ముందు కూర్చున్న రోజు నాకు దగ్గు. అతిమధురం వేరు ముక్క నోట్లో వేసుకున్నాను.

"ఉమ్మెయ్యమ్మా! అది ములేఠీ కాదు, గురివింద వేరు. ఎవడో మంచిగ టోపీ పెట్టిండు నీకు."

"నీకెట్లా తెలుసు?"

"మా ఆయనది మూలికల దుకాణం. వాసన చూసుడు, ఏరుడు, దంచుడు, తూచుడు, పన్నెండేండ్లు ఇంట్ల కూసోని నేనే చేసిన."

"మరి ముందే చెప్పలేదేం?"

"నన్నెవరు అడిగిండ్రు? సూదిల దారం ఎక్కియ్యనీకి నాకు కండ్లే కనబడవు."

పరదా అవతల నుంచి యూసుఫ్ నవ్వాడు. "అదేం పనమ్మా, ఇంట్ల చేసుకునేదే గదా!"

కార్డు పట్టుకుని ఆఫీసరు గారి దగ్గరికి వెళ్లాను. "తప్పు ఆమెది కాదు సాబ్, నాది. అడగవలసిన మనిషిని అడగకుండ రాసిన" అన్నాను.

"అయితే కొట్టేయాల్సింది నీ పేరన్నమాట" అని ఆయన నవ్వి, ఇంకొక్క చిట్టీ రాసిచ్చారు.

దాంతో ఆమెను ఒక యునానీ దవాఖానాలో మూలికలు నిల్వ చేసే మందుల కోఠీకి తీసుకెళ్లాను. అక్కడి హకీం సాబ్ అయిదు పొట్లాలు ముందు పెట్టారు. ఖాసింబీ నాలుగింటికి పేర్లు చెప్పి, అయిదోది పక్కకు నెట్టింది. "దీనికి బూజు పట్టింది హకీం సాబ్. బీమారోళ్లకు ఇయ్యకుండ్రి." ఆయన దాన్ని వాసన చూసి, రిజిస్టరు తెరిచి పనివాళ్లలో ఆమె పేరు రాసుకున్నారు.

మర్నాటి నుంచి ఎవరొచ్చినా ముందు నా పక్కనున్న మనిషినే అడిగాను: "పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తవు?" ఏ పని వచ్చంటే ఏమీ రాదనేవాళ్లు, ఇలా అడిగితే మొదట నవ్వేవారు. ఆ తర్వాత వాళ్లు చెప్పేదంతా రాయడానికి కార్డు చాలేది కాదు. నాకు పని నేర్పినవాళ్లలో నాన్నగారి తర్వాత ఖాసింబీనే తలుచుకుంటాను.