నూటపదిహేడో గడి

పనిలేని యంత్రానికి పని కల్పించబోయి, పనిచేసే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టిన ఘనత నాది. తెలంగాణ ఏర్పడటానికి ముందటి ఏడు, ఎండాకాలంలో నన్ను గోదావరిఖని దగ్గరి ఒక గనికి లాంప్ రూమ్ ఇన్‌చార్జిగా వేశారు. కార్మికులు టోపీకి పెట్టుకునే దీపాలను చార్జి చేసి, షిఫ్టుకు ముందు ఇచ్చి, తర్వాత తీసుకునే గది అది. మనిషికొక నంబరు, నంబరుకొక గడి. గడి ఖాళీగా ఉంటే మనిషి కింద ఉన్నట్టు. వెలుగుంటే పైకి వచ్చినట్టు.

అప్పట్లో నాకొక పిచ్చి ఉండేది. శాస్త్రవేత్తలు రోగాల మీద చేసే లెక్కలేనన్ని లెక్కలను ముక్కలు చేసి లోకమంతా పంచేవారు. ఇష్టమున్నవాళ్లు తమ కంప్యూటర్ల తీరిక సమయాన్ని దానం చేయవచ్చు. అందుకని సెల్‌ఫోన్ రకం ప్రాసెసరున్న, అరచేతిలో పట్టే బోర్డు కొన్నాను. చిన్న బల్బంత కరెంటు కూడా తాగదు. గూట్లో దాని చిన్న లైటు అదేపనిగా మినుకుమంటోందని మా ఆవిడ దానికి బదిలీ ఉత్తర్వులిచ్చింది. లాంప్ రూమ్‌లో 117వ గడి ఎప్పుడూ ఖాళీగా కనబడేది. అందులో తగిలించాను. వారానికోసారి ఇంటికి తీసుకెళ్లి, చేసిన లెక్కలు పంపి, కొత్తవి నింపుకొచ్చేవాణ్ణి.

ఆ గడి ఎందుకు ఖాళీయో అడగలేదు. అది లింగయ్యది. ఆరేళ్ల కిందట కప్పు కూలి పోయాడు. కింద పోయినవాడి నంబరు మరొకరికి ఇవ్వరు.

రెండో వారంలో పోశం నాగాలు మొదలుపెట్టాడు. గని కప్పుకు దుంగలు నిలిపే పని అతనిది; లింగయ్యకు జోడీ. రిటైర్మెంటుకు మూడు నెలలుంది. ఇంకో రెండు నాగాలైతే చార్జిషీటు, ఆపైన ఉద్యోగమే పోవచ్చు. అతని ఇంటికి వెళ్లాను.

“లింగడు పైకొచ్చిండు సార్. ఆని గడిల దీపం కొట్టుకుంటాంది. అది గుడ మేం దీపాలు తీసుకునే యాళ్లకే. ఇగ ఆనికి జోడీగ నేనే కావాలె గద.”

తప్పు ఒప్పుకున్నాను. దీపాలన్నీ చార్జవుతుంటే పాత ర్యాకులో వోల్టేజీ పడిపోయి బోర్డు ఆగిపోతుందని, దీపాలు తీయగానే లేస్తుందని చెప్పాను.

“మిషను మీదే సార్, కాదంటలేను,” అన్నాడు పోశం. “గన్ని గళ్లుండంగ మీకు ఆని గడే ఎట్ల దొరికింది?”

అతన్ని లాంప్ రూమ్‌కు తీసుకెళ్లి, ఎదుటే బోర్డు ఊడదీశాను. మరునాడు డ్యూటీకొచ్చాడు. రిటైరయ్యేదాకా మళ్లీ నాగా లేదు.

బోర్డు లేచిన ప్రతిసారీ వేళ రాసుకుంటుంది. ఇంట్లో ఆ పట్టిక చూశాను. ఒక ఆదివారం పొద్దున షిఫ్టు వేళకు లేచినట్టు అందులో ఉంది. ఆ రోజు గనికి సెలవు. రిజిస్టరు తిరగేశాను, ఒక్క దీపమూ కదల్లేదు. పోశంకు చెప్పలేదు. ఖాళీ చోటు ఎవరిదో అడగకుండా అందులో ఏదీ పెట్టకూడదని మాత్రం నేర్చుకున్నాను.

మూఢనమ్మకాలు వ్యాపింపజేసినందుకు మేనేజరు నా సంజాయిషీ అడిగారు. 117ను వెంటనే వాడుకలోకి తేవాలని ఉత్తర్వు కూడా ఇచ్చారు. దీపం పెట్టాను; ఎవరూ ముట్టలేదు. తర్వాత గనిలోకి దిగే తనిఖీకి ఆయన వచ్చినప్పుడు వినయంగా ఆ దీపమే చేతికిచ్చి, రిజిస్టరు ముందుకు జరిపాను. నంబరు చదివారు. వేరే దీపం లేదా అన్నారు. ఉత్తర్వు ప్రకారం ఇదేనన్నాను.

ఆ రోజు తనిఖీ ఆయన ఆఫీసులోనే ముగించారు.