ఏ తప్పూ పట్టని టెస్టులు

తొంభైల చివర, మాదాపూర్ బండరాళ్ల మధ్య అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పనికి చేరాను. కాకినాడ నుంచి వచ్చి మూసాపేటలో మరో ఇద్దరమ్మాయిలతో కలిసి గది తీసుకున్నాను. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే దిగేసరికి జడ నిండా దుమ్ము.

మా ప్రాజెక్టు విదేశంలోని కొన్ని ఆసుపత్రులకు చేసే సాఫ్ట్‌వేర్. రోగి పేరు, బ్లడ్ గ్రూపు అందులోనే నమోదయ్యేవి. రక్తం తీసిన సీసాకు అంటించే లేబులు కూడా అందులోంచే ప్రింటయ్యేది. దాన్ని పరీక్షించడానికి నాకంటే ముందున్నావిడ నూట నలభై ఆటోమేటిక్ టెస్టులు రాసి, వేరే ప్రాజెక్టుకు మారిపోయింది. వాటిని నాకు అప్పగిస్తూ మేనేజరు ఒకే మాట చెప్పారు.

"అన్నీ పాసవుతున్నాయమ్మా. శుక్రవారం శుక్రవారం రన్ చేసి రిపోర్టు పంపడమే మీ పని."

టెస్టు మొదలుపెడితే మౌసు బాణం దానంతటదే తెర మీద కదిలి, మీటలు నొక్కి, పేర్లు టైపు చేసేది. మొత్తం అయ్యేసరికి మూడు గంటలు. అంతసేపూ ఆ కంప్యూటరును ఎవరూ ముట్టుకోకూడదు. మొదటి వారం ముచ్చటగా చూశాను. రెండో వారం నుంచి చికాకు మొదలైంది. ఫైళ్ల పేర్లు కొత్తది, కొత్తది రెండు, ఆఖరుది, అసలు ఆఖరుది. పన్నెండో టెస్టును ఒక్కదాన్నే నడిపితే ఆగిపోయేది, ఎందుకంటే దానికి కావలసిన రోగిని నాలుగో టెస్టు సృష్టించాలి. ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. ఏది దేనికోసమో తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

ఒక శుక్రవారం టెస్టులు నడుస్తుండగా కాఫీకి వెళ్లొచ్చాను. తిరిగొచ్చేసరికి మా అంతస్తు ఊడ్చి తుడిచే ఆవిడ నా బల్ల దగ్గర బిక్కమొహంతో నిలబడి ఉంది. పాలమూరు వైపు నుంచి పనికొచ్చిన మనిషి.

"మేడమ్, తప్పైంది. బల్ల తుడుస్తుంటె బట్ట తాకింది. గా డబ్బ అంతా ఆగమైంది. నా పని పోతదా?"

చూస్తే నిజంగానే ఆగమైంది. వెనకున్న వేరే ప్రోగ్రాం కిటికీ తెర మీద ముందుకొచ్చింది. బాణం ఖాళీ జాగాలో నొక్కుతోంది, రోగి పేరు ఎక్కడా టైపు కావడం లేదు. "ఏం పోదమ్మా, మళ్లీ మొదలుపెడతాను," అన్నాను. ఆపబోతూ పక్కనున్న ఫలితాల పట్టీ చూశాను. పాస్. దాని కింద మళ్లీ పాస్.

ఆపకుండా కూర్చుని చివరిదాకా చూశాను. అసలు సాఫ్ట్‌వేరే తెర మీద లేకుండా, తొంభైకి పైగా టెస్టులు పాసయ్యాయి.

ఆ వారాంతం తర్వాత ఒక్కో ఫైలూ తెరిచి చదివాను. వచ్చిన ఫలితం సరైనదా కాదా అని చూసే వరుసే చాలావాటిలో పనిచేయకుండా కట్టేసి ఉంది. మనిషి పరీక్ష హాలుకెళ్లి కూర్చుంటే చాలు, పేపరు దిద్దకుండానే మార్కులు వేసినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాసినావిడ రెండంతస్తుల పైనే ఉందని తెలిసి వెళ్లాను.

నేను కోపంగా అడిగిన ప్రశ్నకు ఆమె తడుముకోలేదు.

"అవును, నేనే తీసేసిన. వారం వారం తెర మారుస్తుండిరి, వారం వారం అన్నీ ఫెయిలైతుండె. సరిచేస్త, జర టైమియ్యుండ్రి అన్న. రిపోర్టు పోవాలె, ఇప్పటికి తీసెయ్ అన్నరు. తర్వాత పెడదామనుకున్న. ఇగ ఆ తర్వాత రానే లేదు." తన కంప్యూటరు వైపు తిరుగుతూ, "నిద్రల గుడ యాదికొస్తుండె," అంది.

తీసెయ్ అన్నది మా మేనేజరే. నా కోపం ఎటు తిప్పాలో తెలియలేదు.

ఆయన్ని అడగకుండానే, తీసేసిన వరుసలన్నీ మళ్లీ పెట్టి నడిపాను. ముప్పై ఒకటి ఫెయిలయ్యాయి. వాటిలో ఎక్కువ శాతం టెస్టుల తప్పులే, సాఫ్ట్‌వేరువి కావు. ఒకటి మాత్రం కాదు. రోగి బ్లడ్ గ్రూపు పొరపాటుగా పడితే, దాన్ని దిద్దిన తర్వాత కూడా లేబులు మీద పాత గ్రూపే ప్రింటవుతోంది. మూడుసార్లు చేత్తో చేసి చూశాను. మూడుసార్లూ అంతే.

ఆ కాగితాలు మేనేజరు ముందు పెట్టాను. ఆయన ఒక్కో కాగితం తిప్పి చూశారు.

"ఇది ఎప్పటినుంచి ఉందండీ?" నన్ను అండీ అనడం అదే మొదటిసారి.

"తెలియదు సార్. దాన్ని పట్టాల్సిన టెస్టు ఫలితం చూడటం మానేసి ఎనిమిది నెలలైంది."

మర్నాడు క్లయింటుతో ఫోను. స్పీకరు చుట్టూ నలుగురం కూర్చున్నాం. టెస్టులు అన్నాళ్లూ ఎలా పాసయ్యాయని అవతలి గొంతు అడిగింది. పైఅంతస్తు నుంచి ఆమెను కూడా పిలిపించారు. నెపం ఆమె మీదకు పోతుందనుకున్నాను, ఆమె కూడా అలాగే తలొంచుకుంది. మేనేజరు గొంతు సవరించుకుని, తనే తీసేయమన్నానని, రాసినవాళ్లు వద్దన్నారని చెప్పారు. ఆసుపత్రులకు ఇవాళే కబురు పెడతామని అవతలివాళ్లు అన్నారు. అదృష్టం కొద్దీ ఎవరికీ తప్పు రక్తం ఎక్కలేదని వారం తర్వాత తెలిసింది.

కొత్త వెర్షన్ ఆగిపోయింది. మేనేజరును వేరే విభాగానికి మార్చారు. టెస్టులు సరిచేయడానికి నాకు మూడు నెలల గడువిచ్చారు. మధ్యాహ్నాలు ఆ టెస్టులు రాసినావిడ పైనుంచి కిందికొచ్చి నా పక్కన కూర్చునేది. ఇద్దరం కలిసి ఎనభై టెస్టులు కొట్టేశాం, మిగిలినవి తిరిగి రాశాం.

నేను ఆ ప్రాజెక్టు వదిలేనాటికి కూడా ఏడు టెస్టులు ఉండుండి ఎందుకు ఫెయిలవుతాయో మాకు అంతుపట్టలేదు. వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి, నా తర్వాత వచ్చినతనికి ఇచ్చి, వీటిని నమ్మొద్దని చెప్పాను.