మాదాపూర్‌లో ఊపిరాడని టమాటాలు

మా ఊళ్లో పొలంలో ప్లాస్టిక్ ఇల్లు, అదే గ్రీన్‌హౌస్, వేసి టమాటా పెట్టింది నేనొక్కదాన్నే. రెండు పంటలూ పూతలోనే రాలిపోయాయి. "ఇంకొక్క పంట చూస్తా. కాయకపోతే ఈ ప్లాస్టిక్కంతా పీకేస్తా," అన్నాడు మా ఆయన. పీకడానికా వేసింది? ఆ ప్లాస్టిక్ ఇల్లు అమ్మిన కంపెనీకి మాదాపూర్‌లో నమూనా తోట ఉందని తెలిసి, హిందూపురంలో రాత్రి రైలెక్కాను.

కాచిగూడ చేరేసరికి తెల్లవారింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని, కోఠీకి నడిచి అక్కడ సిటీ బస్సు పట్టుకున్నాను. పొద్దున్నే ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. దారిలో నా పక్కన కూర్చున్నావిడది బోరబండ. మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న భవనాల దగ్గర కూలిపని.

"ఏడికక్కా?"

"ప్లాస్టిక్ ఇంట్లో టమాటాలు చూసేకి."

"అండ్లకా? మట్టి పొయ్యనీకి ఒకపాలి పోయిన. ఊపిరాడలే. జర జల్ది బయటికి రా."

రాళ్లగుట్టల మధ్య గుండ్రటి అద్దాల భవనం కనిపించగానే దిగాను. అక్కణ్ణుంచి కంకర రోడ్డు మీద నడక. తోట మేనేజరు కోస్తా మనిషి, మర్యాదగానే ప్లాస్టిక్ ఇంటి లోపలికి తీసుకెళ్లాడు. అడుగు పెట్టగానే నా కళ్లద్దాలు మసకబారాయి. మొక్కలు నాకంటే ఎత్తున్నాయి, కాడలు మాత్రం దారాల్లా ఉన్నాయి. కింద నేలంతా రాలిన పసుపుపూలు. అచ్చం మా ప్లాస్టిక్ ఇంట్లోని దృశ్యమే.

తలుపు పక్కన ప్లాస్టిక్ చిరిగిన చోట మాత్రం మొక్కలు పొట్టిగా, గట్టిగా, గుత్తులు గుత్తులుగా కాసి ఉన్నాయి.

"ఇక్కడెట్ల కాసింది సార్?"

"అది చిరిగిందండీ, రేపు అతికిస్తాం. గాలి చొరబడకూడదు. విదేశీ డిజైను, దేన్నీ మార్చకూడదండీ."

లోపలి మొక్క పువ్వొకటి అరచేతిలో తట్టి చూశాను. ఏమీ రాలలేదు. చిరుగు దగ్గరి పువ్వు తడితే పసుపు పొడి రాలింది. వేడికి పుప్పొడి చస్తోంది. మిగిలింది తేమకు ముద్దకడుతోంది. పువ్వును కదిలించే గాలి లేదు.

"ఆ దేశంలో చలి సార్, వేడిని దాచుకునేకి కట్టుకున్నారు. ఎండకు మాకేం కరువు? నేను పక్కలు కోసేస్తా."

"కోస్తే మా పూచీ ఉండదండీ. అయినా ఇలాంటివి మగవాళ్లతో మాట్లాడాలి."

"మీ పూచీ ఉండంగానే రెండు పంటలు పోయినాయి. అది లేకుండా ఒకటి పండిస్తా. సాగు నాది, మాట్లాడేదీ నేనే."

పురుగులు రాకుండా కట్టడానికి కోఠీలో సన్నకన్నుల వల కొని, సాయంత్రం రైలెక్కాను. బోగీలో కిటికీలన్నీ తెరిపించాను. చలి అని ఎదురు సీటాయన గొణిగినా మూయనివ్వలేదు. మాదాపూర్ వెళ్లేవాళ్లు అద్దాల భవనం తప్పక చూడండి, అందంగా ఉంటుంది. కానీ మీ నేల మీద అలాంటిదే కట్టాలనుకుంటే, ముందు అందులో కాసేపు నిలబడి చూడండి.

ఊరు చేరిన రోజే మా ప్లాస్టిక్ ఇంటిని రెండు పక్కలా నడుమెత్తు కోశాను. మా ఆయన వద్దు వద్దంటూనే వల అవతలి కొస పట్టుకున్నాడు. మూడో పంట నిలిచింది, కొమ్మలు వంగేలా కాసింది. కంపెనీ మనిషి వచ్చి, "ఎవరు కోశారండీ ఇది?" అని గదమాయించాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "మేమే," అన్నాడు.